పచ్చబొట్టూ, పట్టుచీరా

మా అమ్మ పచ్చళ్ల పుస్తకం సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. అట్టలూడిపోయి, నూనె మరకలతో ఉండే పాత నోటుబుక్కు అది. అమ్మ పోయాక నా వాటాకు వచ్చింది. ఒక్క పుస్తకాన్ని పదిమందికీ పంచలేను గదా! ఇంటర్నెట్టులో పెట్టేస్తే ఎవరికి కావాలంటే వాళ్లు చూసుకుంటారన్న బుద్ధి పుట్టింది. పాతికేళ్ల కిందట మూడు నెలలపాటు వెబ్ పేజీలు చేయడం నేర్చుకున్న విద్య ఎలాగూ ఉన్నది. మాగాయ అని ఎర్రటి పెద్ద అక్షరాలతో పెట్టి, పక్కనే గోంగూర పెట్టి, రెండింటి దినుసులూ గళ్లు గీసి వరసకొకటి చొప్పున సర్దాను. చెప్పొద్దూ, పెళ్లి శుభలేఖలా కుదిరింది!

రాజమండ్రిలో మా పిన్నికి ఫోను చేసి గొప్పగా చెప్పాను. నీటికాసుల వల్ల పిన్నికి చూపు పోయి ఆరేళ్లయింది. అయినా స్క్రీన్ రీడరు పెట్టుకుని కంప్యూటరు చేత అన్నీ చదివించుకుంటుంది. గంట తిరక్కుండా ఫోను మోగింది.

“ఏమే, మామిడికాయ ముక్కలు, గోంగూర ఆకు, ఉప్పు, ఎండుమిరపకాయలు అంటూ రెండూ కలగలిపి వినిపిస్తున్నదే! మాగాయ ఎక్కడ మొదలో, ఎక్కడ ఆఖరో తెలియలేదు. అక్క రాసింది మళ్లీ వింటానని ఎంత ఆశపడ్డానో.”

మనసు చివుక్కుమంది. మా అమ్మాయిని అడిగితే, “అక్షరాలు పెద్దవి చేస్తే హెడ్డింగయిపోతుందా అమ్మా? అది హెడ్డింగని నువ్వెక్కడ చెప్పావు?” అంది. ఆ మాట పట్టుకుని పుస్తకాలు తిరగేస్తే, ఈ పొరపాటు నా ఒక్కదానిదే కాదనీ, దీనికి పెద్ద చరిత్రే ఉన్నదనీ తెలిసింది.

1989లో జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌కు ప్రతిపాదన రాశాడు. ఆ పేజీలు రాయడానికి పుట్టిన భాషే హెచ్.టి.ఎం.ఎల్. అందులోని గుర్తుల్ని ట్యాగులంటారు. మొదట్లో ఉన్న ట్యాగులు చాలామటుకు ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది చిరునామా అని పేరు చెప్పేవే. ఎలా కనిపించాలన్నది చదివేవాళ్ల యంత్రానికి వదిలేశారు. శాస్త్రజ్ఞులకు అది చాలు. వెబ్ నలుగురి నోళ్లలో పడ్డాక, రంగులేవీ, సోకులేవీ అని అందరూ అడగడం మొదలుపెట్టారు.

సెర్న్‌లోనే పనిచేస్తున్న నార్వే దేశస్థుడు హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరు 10న ఒక ఉపాయం చెప్పాడు. పేజీలో పేర్లు మాత్రమే ఉండాలి, అలంకారమంతా స్టైల్ షీటు అనే వేరే కాగితంలో ఉండాలి అన్నాడు. రాసినవాళ్ల ఇష్టంతో పాటు చదివేవాళ్ల ఇష్టానికీ అందులో చోటుంచాడు. తరవాత బెర్ట్ బోస్ ఆయనతో చేయి కలిపాడు. మన భాషలో చెప్పాలంటే, పేజీ అమ్మాయి, స్టైల్ షీటు ఆమె కట్టుకున్న చీర. ఇవాళ పట్టుచీర, రేపు నేతచీర. అమ్మాయి మారదు.

కానీ లోకానికి అంత ఓపిక ఏదీ? సరిగ్గా మూడు రోజులకే నెట్‌స్కేప్ బ్రౌజరు బయటికి వచ్చింది. రంగూ, అక్షరాల సైజూ చెప్పే ఫాంటు ట్యాగు ఆ కంపెనీ వాళ్ల చలవే. చీర మార్చే బదులు ఒంటి నిండా పచ్చబొట్లు పొడిచినట్లయింది. 1996 డిసెంబరులో స్టైల్ షీట్ల మొదటి ప్రమాణం వెలువడింది. విచిత్రం చూడండి, మరుసటి నెలలోనే వచ్చిన హెచ్.టి.ఎం.ఎల్. 3.2 ఫాంటు ట్యాగుకూ పీట వేసింది!

ఇక గళ్ల సంగతి. లెక్కల పట్టికల కోసం పెట్టిన గళ్లలో పేజీ మొత్తాన్ని ఇరికించడం, ఖాళీల కోసం కంటికి కనిపించని చుక్కంత బొమ్మలు జొప్పించడం 1996లో డేవిడ్ సీగల్ రాసిన పుస్తకంతో బాగా ప్రచారమైంది. మరుసటి ఏడే ఆయన, వెబ్ పాడైందనీ, పాడుచేసింది తానేననీ ఒప్పుకుంటూ వ్యాసం రాశాడు. తప్పు ఒప్పుకోవడంలో నాకు తోడు దొరికాడు!

1997 డిసెంబరులో వచ్చిన హెచ్.టి.ఎం.ఎల్. 4 ఫాంటు ట్యాగు ఇక వద్దని చెప్పింది. అంటే నేను డబ్బు కట్టి నేర్చుకునేనాటికే అది పనికిరాని చదువన్నమాట. అయితే నేర్పినవాళ్లనీ ఏమనలేం. బ్రౌజర్లు ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా చూపించేవి. ఒకే పేజీని నెట్‌స్కేప్‌కు ఒక విధంగా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఇంకో విధంగా చేయాల్సి వచ్చేది. ఈ బాధ పడలేక 1998లో జెఫ్రీ జెల్డ్‌మన్ మొదలైనవాళ్లు వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టు పేరుతో కూటమి కట్టి, కంపెనీలన్నీ ఒకే ప్రమాణం పాటించాలని పోరుపెట్టారు.

ఎన్ని చెప్పినా, స్టైల్ షీట్లతో చేస్తే పేజీలు బోడిగా ఉంటాయన్న అపోహ పోలేదు. దాన్ని పోగొట్టినవాడు కెనడా వాడైన డేవ్ షీ. 2003లో సి.ఎస్.ఎస్. జెన్ గార్డెన్ అని ఒకే ఒక్క పేజీ పెట్టి, ఇందులో అక్షరం ముట్టుకోకుండా అలంకారం మార్చి చూపండి అన్నాడు. రెండు వందలకు పైగా వేషాలు తయారయ్యాయి. ఒకదానికొకటి పోలిక లేదు, లోపలి మాటలు మాత్రం అవే!

ఇదంతా చదివాక కొంగు బిగించి మళ్లీ కూర్చున్నాను. గళ్లు తీసేశాను. మాగాయకు శీర్షిక ట్యాగు, దినుసులకు జాబితా ట్యాగు, చేసే తీరుకు పేరా ట్యాగు పెట్టాను. ఎరుపు రంగూ, అంచులూ అన్నీ స్టైల్ షీటులోకి చేర్చాను. పైకి దాదాపు పాత పేజీలాగే ఉన్నది. చూసినవాళ్లెవరూ తేడా కనిపెట్టలేదు.

పిన్ని కనిపెట్టింది. శీర్షికలకు పేరు పెడితే, స్క్రీన్ రీడరులో హెచ్ మీట నొక్కగానే ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు పోవచ్చు. ఆ సాయంత్రం ఫోను చేసింది.

“రెండు నొక్కులకు మాగాయ దగ్గరికి వెళ్లానే. ఊట పిండి ముక్కలు ఎండబెట్టడం దాకా బాగానే ఉంది. మెంతులు వేయించమని రాయలేదేం? అక్క వేయించకుండా ఏనాడైనా వేసిందా?”

పుస్తకం తీసి చూశాను. ఆ వరసలో ఒక మాట మీద నూనె మరక. దీపం దగ్గర పెట్టి చూస్తే, అవును, “వేయించి” అనే ఉంది.