థొరాకోస్కోపీ పరికరాలు

ఊపిరితిత్తుల మీద, ఛాతీ గోడ లోపలివైపున ఉండే పల్చని పొర ప్లూరా. ఈ పొరల మధ్య నీరు చేరితే మొదట సూదితో తీసి పరీక్షిస్తారు. అప్పటికీ కారణం తేలకపోతే పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, స్కోపును లోపలికి పంపి, చూస్తూ ముక్క తీస్తారు. అదే థొరాకోస్కోపీ. స్వీడన్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ జాకోబియస్ 1910లో మూత్రాశయం చూసే సిస్టోస్కోపుతోనే దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత చాలాకాలం క్షయ చికిత్సలో పొరల అతుకులు తెంపడానికే ఎక్కువగా వాడారు. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఆ పని తగ్గిపోయి, రోగ నిర్ధారణే దీని ముఖ్య ఉపయోగమైంది.

దీనికి వాడే స్కోపులు రెండు రకాలు. గట్టి లోహపు స్కోపు పాతదే అయినా బలమైనది. దాంతో వాడే ఫోర్సెప్స్ (ముక్క పట్టి తీసే పటకారు) పెద్దవి. మందంగా, బిరుసుగా మారిన పొరను కూడా లోతుగా పట్టుకుని లాగగలవు. మీసోథీలియోమా అనే ప్లూరా క్యాన్సరును తేల్చడానికి ఆ లోతు అవసరం.

సగం వంగే స్కోపు మందం 7 మి.మీ. పిడి వైపు గట్టిగా ఉండి, కొసన సుమారు 5 సెం.మీ. మేర వంగుతుంది. శ్వాసనాళాలను చూసే బ్రాంకోస్కోపీకి అలవాటుపడ్డ చేతికి త్వరగా పట్టుబడుతుంది, మూలలు కూడా చూపిస్తుంది. అయితే ఫోర్సెప్స్ వెళ్లే దారి 2.8 మి.మీ. మాత్రమే, అందుకే ముక్క చిన్నది. ఆ దారిలోంచే క్రయోప్రోబు పంపి, కణజాలాన్ని గడ్డకట్టించి పెద్ద ముక్క తీసే పద్ధతి ఈమధ్య వచ్చింది.

చండీగఢ్ పీజీఐలో 90 మందిపై జరిపి 2014లో ప్రచురించిన పోలికలో గట్టి స్కోపుతో 97.8 శాతం మందికి, వంగేదానితో 73.3 శాతం మందికి జబ్బు తేలింది. ముక్క తీయగలిగినవారిని మాత్రమే లెక్కిస్తే అవి 100, 94.3 శాతం. అంటే వంగే స్కోపు తడబడేది ముఖ్యంగా ముక్క తీయడం దగ్గరే. స్లొవేనియాలో 84 మందిపై చేసిన అధ్యయనంలో నిర్ధారణ దాదాపు సమానంగా వచ్చింది, వంగేదానితో తీసిన ముక్క సైజు మాత్రం సగానికి తక్కువ.

మన దేశంలో క్షయ వల్ల నీరు చేరడం చాలా మామూలు. స్కోపులో అది పొర నిండా సగ్గుబియ్యం గింజల్లా కనిపిస్తుంది. అంత విరివిగా ఉంటుంది కాబట్టి స్కోపు లేకుండా అబ్రామ్స్ అనే బయాప్సీ సూదితో గుడ్డిగా తీసిన ముక్కలోనూ తరచు దొరుకుతుంది. క్యాన్సరు మచ్చలు అక్కడక్కడా ఉంటాయి, సూదికి అవి తప్పిపోవచ్చు. స్కోపు విలువ తెలిసేది అక్కడే.

ఈ రెండు స్కోపులకూ సాధారణంగా స్థానిక మత్తు, కొద్దిపాటి నిద్రమందు చాలు. పూర్తి మత్తు ఇచ్చి, ఒక ఊపిరితిత్తిని ఆపి చేసే వ్యాట్స్ శస్త్రచికిత్స వేరు. పొరలు బాగా అతుక్కుపోయినవారికి అదే దారి. ముక్కలో ఏమీ తేలకపోయినా ధీమా పనికిరాదు. కొందరిలో తర్వాత క్యాన్సరు బయటపడుతుంది కనుక కనీసం ఏడాది గమనించాలి.

ఒకే పరికరం కొనగలిగే ఆసుపత్రికి, నేర్పించేవారు ఉంటే, గట్టి స్కోపే మేలు. బ్రాంకోస్కోపీ యూనిట్ ముందే ఉన్నచోట వంగేది సులువుగా ఇముడుతుంది, కాని బిరుసు పొర ఎదురైతే వాడడానికి గట్టిదాన్నీ అందుబాటులో ఉంచుకోవాలి.