‘బాగుంది’ అంటే ఎంత బాగున్నట్టు?

ఇంగ్లీషులో ‘గుడ్’ అంటే మంచిది అని చిన్న తరగతిలోనే నేర్చుకున్నాం. పాత గ్రామఫోను రికార్డులు కొనేవాళ్ల దగ్గర మాత్రం ఆ మాటకి అర్థం వేరు. అక్కడ ‘గుడ్’ అని రాసి ఉందంటే, ముల్లు ఎగిరిపోకుండా పాట చివరిదాకా నడుస్తుంది గానీ గీతలుంటాయి, చిటపటలుంటాయి, గాడి అరిగి ఉంటుంది అని అర్థం. ‘వెరీ గుడ్’ అన్నా చప్పుడు వినిపిస్తుందనే. కాస్త నిశ్చింతగా కొనుక్కోదగ్గది ‘వెరీ గుడ్ ప్లస్’. దాని పైన ‘నియర్ మింట్’, అన్నిటికన్నా పైన ‘మింట్’. ఈ మింట్ మన పుదీనా కాదు, టంకశాల. హైదరాబాదులో మింట్ కాంపౌండ్ ఉంది చూడండి, ఆ మింట్. టంకశాల నుంచి అప్పుడే వచ్చిన నాణెంలా ఎవరి చెయ్యీ పడనిది అని.

పెళ్ళి సంబంధాలు చూసిన ఇళ్లలోవాళ్లకి ఈ భాష కొత్త కాదు. ‘చామనఛాయ’ అంటే ఎంత చామనో, ‘పిల్ల బాగానే ఉంటుంది’ అనడంలో ఆ ‘బాగానే’ ఎంత దూరం వెళ్తుందో, పెళ్ళిళ్ల పేరయ్య గొంతుని బట్టి పోల్చుకున్నవాళ్లం మనం. చూడకుండా కొనే చోట, చూడకుండా ఒప్పుకునే చోట, మాటలు ఇలాగే మెల్లగా కిందికి జారతాయి. రికార్డుల విషయంలో ఆ జారుడు ఎలా మొదలైందో తెలుసుకుంటే, ఇవాళ ఫోనులో బొమ్మ చూసి పాత వస్తువు కొనే మనకి పనికొస్తుంది.

వంకాయ కొనాలంటే తొడిమ దగ్గర పట్టి చూస్తాం. నెయ్యి కొనాలంటే అరచేతి మీద రాసి వాసన చూస్తాం. రికార్డునీ మొదట్లో అలాగే కొనేవారు. దుకాణంలో పెట్టించుకుని, విని, నచ్చితేనే డబ్బిచ్చేవారు. పాత రికార్డులు సేకరించే అలవాటు ముదిరి, ఒక ఊరి మనిషి దగ్గరున్నది ఇంకో ఊరి మనిషికి కావలసి వచ్చినప్పుడు చిక్కొచ్చింది. ఉత్తరంలో రికార్డు వినిపించలేరు కదా. అందుకని అక్షరాలు పుట్టాయి. బ్రిటన్‌లో 1953లో మొదలైన వింటేజ్ జాజ్ మార్ట్ అనే పత్రిక పాత 78 రికార్డుల అమ్మకాలకి పేరు పడింది. వాళ్ల కొలత ఎన్, ఇ, వి, జి, ఎఫ్, పి అనే ఆరు అక్షరాలు. ఎన్ అంటే కొత్తదానిలా ఉందని. ఇ అంటే ఇంకా బాగా మెరుస్తోందని. వి అంటే అంతటా సమానంగా అరిగింది గానీ హాయిగా వినొచ్చని. జి అంటే బూడిదరంగు తేలింది, అయినా పనికొస్తుందని. ఎఫ్ అంటే చప్పుడులో పాట మునిగిపోతుందని. పి అంటే ఇక ఆశ లేదని.

ఈ వరసలో నాకు నచ్చినది ఆ ‘బూడిదరంగు’. అదేమిటో తెలియాలంటే 78 రికార్డు దేనితో చేశారో చూడాలి. ఎల్పీలు రాకముందు రికార్డుని లక్కతో చేసేవారు. లాడ్ బజారులో గాజులకి వాడే లక్కే. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద లక్క పురుగు కట్టే గూడే దానికి ముడిసరుకు. ప్రపంచంలో రికార్డులు చేసే దేశాలు ఎక్కువగా మన దేశపు లక్క మీదే ఆధారపడేవి. ఎంతగా అంటే, యుద్ధం రోజుల్లో, 1942 ఏప్రిల్‌లో, అమెరికా ప్రభుత్వం రికార్డులకి వాడే లక్కలో 70 శాతం కోత పెట్టింది. లక్కలో మెత్తని రాతిపొడి, నల్లరంగు కోసం మసి, కొంచెం నూలుపీచు కలిపి, వేడి మీద అచ్చు ఒత్తితే రికార్డు. రాతిపొడి ఎందుకంటే, అప్పటి ఉక్కు ముల్లుని అరగదీసి గాడికి సరిపడేలా చెయ్యడానికి. అంటే ముల్లు అరగాలి, రికార్డు నిలవాలి. అందుకే ముళ్ల డబ్బాల మీద, ఒక ముల్లుతో ఒక పక్కే వాడండి అని రాసేవారు.

రాసేవారు గానీ, ఎవరు వింటారు? ముళ్లకి మళ్లీ డబ్బు పెట్టాలి. ఇంటిల్లిపాదికీ ఒక్క డబ్బాతో ఏడాది గడవాలి. అరిగిన ముల్లునే తిప్పి తిప్పి వాడేవారు. పదునుదేలిన ఆ ముల్లు గాడి గోడల్ని గీకేస్తుంది. నల్లగా మెరిసే రికార్డు మీద బూడిద పూసినట్టు ఒక పొర తేలుతుంది. ఆ పొర దుమ్ము కాదు, తుడిస్తే పోదు. పాట కొంత అక్కడ రాలిపోయిందన్నమాట.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో ఎల్పీ తెచ్చింది. నిమిషానికి 78 చుట్లకి బదులు 33⅓ చుట్లు. పక్కకి మూడు నిమిషాలు పాడే చోట ఇరవై నిమిషాల పైన పాడింది. మరుసటి ఏడు ఆర్‌సీఏ విక్టర్ వాళ్లు 45 చుట్ల చిన్న రికార్డు తెచ్చారు. అయినా మన దేశంలో 1960ల్లోనూ 78లు తయారవుతూనే ఉన్నాయి. కరెంటు లేని ఇళ్లలో చేత్తో కీ ఇచ్చే గ్రామఫోనుకి అవే కావాలి మరి. ఇంగ్లండులో బీటిల్స్ పాటలు వినైల్ మీద వస్తున్న కాలంలో ఇక్కడ అవే పాటల్ని 78 మీద ఒత్తారు. ఇప్పుడు విదేశీ సేకర్తలు వాటి కోసం వెతుక్కుంటున్నారు. వాటిలోనూ మంచి స్థితిలో ఉన్నవి దొరకడం కష్టం. కారణం పైన చెప్పిందే, ముల్లు పొదుపు.

రికార్డుల సేకర్తల కోసం అమెరికాలో 1974లో గోల్డ్‌మైన్ అనే పత్రిక మొదలైంది. మొదట చెప్పిన మింట్, నియర్ మింట్ కొలత ఆ పేరుతోనే స్థిరపడింది. అందులో ధరల లెక్క కూడా ఉంది. నియర్ మింట్ రికార్డుకి ఎంతో, వెరీ గుడ్ ప్లస్‌కి అందులో సగం, వెరీ గుడ్‌కి పావు. ఒక్క మెట్టు దిగితే ధర సగమైపోతుంది. అమ్మేవాడికి కళ్లెదురుగా రెండు మెట్లున్నప్పుడు పైదాని మీద మనసు పోదూ? ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు పైకి రాస్తూ పోతే, కొనేవాళ్లు తెలివి తెచ్చుకుని ఒక్కో మెట్టు తగ్గించి చదవడం మొదలెడతారు. అలా చదివీ చదివీ ‘గుడ్’ అనే మాట ఈ గతికి వచ్చిందని నా ఊహ. హోటల్లో ‘స్పెషల్ టీ’ అడిగితే గానీ మామూలు టీ రానట్టు.

ఇంకో సంగతి. ఈ మెట్లలో చాలావరకు కంటితో చూసి ఇచ్చేవి. దీపం కింద తిప్పి చూస్తే గీత కనిపిస్తుంది. గాడి లోపలి అరుగుదల కనిపించదు. పైకి అద్దంలా ఉన్న ఎల్పీ ముల్లు పెట్టగానే గరగరమనొచ్చు. సన్నటి గీతలు నిండా ఉన్నది హాయిగా పాడొచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ‘చూసి ఇచ్చిన గ్రేడా, విని ఇచ్చిన గ్రేడా?’ అని అడుగుతారు. వందల రికార్డులు అమ్మేవాడు ఒక్కొక్కటీ నలభై నిమిషాలు కూర్చుని వినలేడు. అది మోసం కాదు, తీరిక లేకపోవడం. కానీ డబ్బు పోయేది మనది.

ఇంటర్నెట్టు వచ్చి ఈ బేరాన్ని ఊళ్లు దాటించి, దేశాలు దాటించింది. 1995లో పియర్ ఒమిడ్యార్ మొదలుపెట్టిన వేలం వెబ్‌సైటే తర్వాత ఈబే అయింది. అందులో మొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్ అని చెప్పుకుంటారు, 14.83 డాలర్లకి. పాడైందని చెప్పే అమ్మాడు, పాడైనవే కావాలని కొనుక్కున్నాడు ఆ మనిషి! మరుసటి ఏడాదే అక్కడ కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసుకునే ఏర్పాటు వచ్చింది. 2000లో మొదలైన డిస్కాగ్స్ ఇవాళ పాత రికార్డులకి పెద్ద సంత. అక్కడ వాడేదీ గోల్డ్‌మైన్ కొలతే.

చూడకుండా కొనే చోట ఏం జరుగుతుందో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లోనే పాత కార్ల ఉదాహరణతో రాశాడు. 2001లో ఆయనకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, సంతలో అసలు నెయ్యీ కల్తీ నెయ్యీ ఒకేలా కనిపిస్తే, కొనేవాళ్లు రెంటికీ మధ్య ధరే ఇస్తామంటారు. ఆ ధరకి అసలు నెయ్యి అమ్మే మనిషికి గిట్టదు. ఆమె సంతకి రావడం మానేస్తుంది. చివరికి కల్తీదే మిగులుతుంది. అలా జరగకుండా ఆపేది గ్రేడు అక్షరాలు కావు. మాట తప్పితే పోవడానికి అమ్మేవాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉండాలి. అది పేరు కావచ్చు, పాత కొనుగోలుదార్ల మాట కావచ్చు, వెనక్కి తీసుకుంటానన్న హామీ కావచ్చు.

మా అమ్మ పుట్టినింట్లో గ్రామఫోను ఉండేది. తాతయ్యకి నాటక పద్యాల పిచ్చి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు ఆ ఇంట్లో పిల్లలందరికీ బడి పాఠాల కన్నా ముందు వచ్చాయి. ఆ రికార్డులు ఇల్లు మారినప్పుడు ఎటో పోయాయి. అలాంటి పద్యాల రికార్డు ఒకటి అమ్మ డెబ్బై ఐదో పుట్టినరోజుకి ఇద్దామని నిరుడు వెతికాను. అదే రికార్డు ఇద్దరి దగ్గర కనిపించింది. ఒకరు ‘ఎక్సలెంట్’ అని రాశారు. ఎప్పుడైనా వేసి విన్నారా, ఏ ముల్లుతో విన్నారు, పగులు ఉందా, వెనక్కి తీసుకుంటారా అని అడిగితే, ‘ఫోటో చూసుకోండి మేడమ్’ అని జవాబు. ఇంకొకాయన ‘గుడ్’ అనే రాశారు. అవే ప్రశ్నలకి పెద్ద ఉత్తరమే వచ్చింది. బూడిదరంగు తేలింది. అంచున సెంటీమీటరు పగులుంది, గాడిదాకా రాలేదు. 78కి సరిపడే లావుపాటి ముల్లుతో విన్నాను. రెండో పక్క నడుమ ఒక గీత ఉంది, ఎనిమిది చుట్లు టక్కు టక్కుమంటుంది, అక్కడ రెండు మూడు మాటలు తెలియవు. ఇది చదివాక కూడా కావాలంటే పంపుతాను అని.

నేను ఆ ‘గుడ్’ కొన్నాను. రెండు దళసరి అట్టల మధ్య కట్టి, చుట్టూ గుడ్డలు కూరి పంపారు. మా మరిది దగ్గర 78 తిరిగే ప్లేయరు ఉంటే అక్కడ పెట్టాం. ఆయన చెప్పిన చోటే టక్కు టక్కు మొదలైంది. ఒక్క చుట్టుకి ముప్పావు సెకను, ఎనిమిది చుట్లంటే ఆరు సెకన్లు. సరిగ్గా ఆ ఆరు సెకన్లలో మునిగిపోయిన మాటల్ని అమ్మ తడుముకోకుండా అందుకుంది, రాగంతో సహా. తర్వాత ముల్లు ఎత్తమని, ఆ పద్యం మొదటి నుంచీ మళ్లీ పెట్టించుకుంది. రెండోసారీ అక్కడ తనే పాడింది.

ఆ సాయంత్రం నాకు తట్టింది ఏమిటంటే, ఈ కొలతలో పై మెట్టు మీద ఉండేది ఎవరూ విననిది. బహుమతిగా వచ్చి అట్టలోనే ఉండిపోయినది మింట్. రోజూ పొద్దున్నే పెట్టుకున్న సుప్రభాతం, పిల్లలు అడిగి అడిగి వేయించుకున్న పాట గుడ్డో, అంతకన్నా కిందో. ధర తెలియాలంటే ఆ అక్షరం చాలు. మన చేతికి వచ్చేది ఏమిటో తెలియాలంటే మాత్రం అమ్మే మనిషి చేత నాలుగు మాటలు రాయించుకోవాలి.

మీ అటక మీద కూడా అత్తగారివో, నాన్నగారివో రికార్డులు ఉండి ఉంటాయి. పాత సామాన్లవాడికి తూకానికి వేసే ముందు ఒకసారి దింపండి. పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎండాకాలంలో వంగిపోతాయి. లక్క రికార్డుని స్పిరిట్‌తో తుడవకండి, వడ్రంగులు పాలిష్‌కి లక్కని కరిగించేది స్పిరిట్‌తోనే. మెత్తని పొడి గుడ్డ చాలు. అమ్మదలుచుకుంటే వేసి వినండి, లేదా వినలేదని రాయండి. గీత ఎక్కడుందో, ఎన్ని చుట్లు చప్పుడు చేస్తుందో రాయండి. అవతల ఎవరి అమ్మ కోసమో ఎవరో చదువుతూ ఉంటారు.