పులి పేరున్న ఊరు, ఫౌజ్‌దార్ కట్టించిన మసీదు

శ్రీకాకుళం పేరు చెబితే గుంటూరు, కర్నూలు వైపు మన బిరాదరీ వాళ్లు "అక్కడ మనవాళ్లున్నారా భాయ్?" అనడిగేస్తారు. వాళ్లకు నా జవాబు ఒక్కటే: మా జామియా మసీదు. 1641లో, అంటే హిజ్రీ 1051లో కట్టింది. చార్మినార్ లేచి అప్పటికి యాభై ఏళ్లు. గోల్కొండ తఖ్త్ మీద అబ్దుల్లా కుతుబ్‌షా ఉన్నాడు. సిక్కోలు సర్కారుకు ఫౌజ్‌దార్‌గా వచ్చిన షేర్ మొహమ్మద్ ఖాన్ ఈ మసీదును తామీర్ చేయించాడు.

ఆయన మేమార్ కాదు, హాకిమ్. హైదరాబాదుకు నక్షా గీసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ లాంటి ఆలిమ్ కూడా కాదు. అయినా ఈ రెండు జిల్లాల కట్టడాల తారీఖ్ ఎక్కడ మొదలుపెట్టినా ఆయన పేరు దాటి పోలేం. రాయి మోసినవాడి పేరు ఏ కత్బాలోనూ ఉండదు, పైసా ఇచ్చినవాడిదే ఉంటుంది. ఈ రివాజు నాకు నచ్చదు గానీ, ఉన్నది అదే.

మసీదు సరే, ఊళ్ల సంగతి చూడండి. 1652లో షేర్ మొహమ్మద్ ఖాన్ వెంట ఇద్దరు తెలుగు దొరలు ఈ ప్రాంతానికి వచ్చారని జిల్లా గెజెటీర్లు రాశాయి. ఒకరు పూసపాటి మాధవవర్మ, విజయనగరం రాజుల మూలపురుషుడు. రెండోవారు వెలమ దొర పెద్దరాయుడు. ఆయన కోట కట్టుకుని, తనను ఆదుకున్న ఖాన్ మీద అభిమానంతో దానికి "పెబ్బులి" అని పేరు పెట్టాడట. షేర్ అంటే పులి కదా! పెబ్బులి బెబ్బులి అయింది, బెబ్బులి బొబ్బిలి అయింది. వీణలకూ 1757 యుద్ధానికీ పేరుపడ్డ బొబ్బిలి ఒక ముసల్మాన్ ఫౌజ్‌దార్ పేరుకు తెలుగు తర్జుమా. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ ఇంకో మాట దాచకూడదు. అరసవల్లి సూర్యదేవాలయం కథనంలో ఇదే షేర్ మొహమ్మద్ ఖాన్ గుడిని పడగొట్టించినవాడు. విగ్రహాన్ని బావిలో దాచి కాపాడారనీ, పద్దెనిమిదో శతాబ్దంలో మళ్లీ గుడి కట్టారనీ అక్కడ చెప్పుకుంటారు. ఆ జ్ఞాపకం నా పక్కింటివాళ్లది, మా గల్లీ చివర బడి మాస్టారిది. దాన్ని వదిలేసి మసీదు ఒక్కటే చెప్పుకుంటే అది తారీఖ్ కాదు, ఖసీదా అవుతుంది. ఒకే మనిషి పేరు ఒకచోట మసీదు కట్టించినవాడిగా, ఒకచోట గుడి పడగొట్టినవాడిగా, ఇంకోచోట ఊరి పేరుగా నిలిచింది. పిల్లలకు మూడూ చెప్పాలి. తీర్పు ఇవ్వమని నన్నడిగితే, హాకిముల జమానాలో తల్వార్, తామీర్ రెండూ ఒకే చేతిలో ఉండేవని మాత్రం అంటాను.

ఆయన తర్వాత అరవై ఏళ్లకు విజయనగరంలో ఇంకో తరహా తామీర్ జరిగింది. విజయరామరాజు కోటకు జాగా వెతుకుతుంటే, ఆ అడవిలో ఇబాదత్ చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీర్ స్థలం చూపించాడంటారు. 1713లో విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం పునాది పడిందని చెప్పుకుంటారు. ఆ ఏడు విజయనామ సంవత్సరం, రాజు విజయరాముడు, ఊరు విజయనగరం. అన్నీ జయాలే! జాగా చూపినవాడు వలీ, ముహూర్తం పెట్టింది పండితులు. ఇందులో ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

కోటలో ఒకసారి తిరిగి చూడండి. సదర్ దర్వాజా నగార్‌ఖానా. 1869లో కట్టిన దర్బారు హాలుకు మోతీ మహల్ అని పేరుండేది. ఫూల్‌బాగ్ పక్కన ఎనిమిది పలకల రాతి కట్టడం ఔద్‌ఖానా. యాభై అడుగుల ఎత్తు, లోపల మెలికల మెట్లు, పైన నీళ్ల తొట్టి. రాజావారి గుసుల్‌ఖానా అదే. రాజులు క్షత్రియులు, పేర్లన్నీ మన జబాన్‌లో.

ఇప్పటికీ మేస్త్రీ నోట వినండి. కమాను, బురుజు, గచ్చు, దర్వాజా, మరమ్మతు. "పునాది" కూడా బునియాద్ నుంచే వచ్చిందని భాషావేత్తలంటారు. పనిచేసేది ఏ మజహబ్‌వాళ్లయినా మాటలు ఇవే. ఉర్దూ బడిలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఈ మాటలు వింటే రెండు నోట్‌బుక్కులు ఒకేసారి తెరిచినట్టుంటుంది.

నాకున్న ఫికర్ వేరే. మన ఊళ్లలో పాత మసీదులకు చందా పోగవగానే మొదట చేసే పని పాత సున్నం గోకి సిమెంటు పూయడం, పైన టైల్స్ అంటించడం. నీయత్ మంచిదే. కానీ పాత గోడ సున్నంతో కట్టింది. లోపలి తేమను అది బయటికి వదులుతుంది. సిమెంటు పొర ఆ దారి మూసేస్తుంది. తేమ గోడలోనే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, రాయీ ఇటుకా పొడి రాలతాయి. సముద్రం దగ్గరున్న మా జిల్లాల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ముతవల్లీ సాహెబులూ, కమిటీ పెద్దలూ, మీ మసీదు గోడ మీద చెయ్యి వేసేముందు సున్నప్పని తెలిసిన మేస్త్రీని ఒకసారి పిలిపించండి. రాతి మీద అక్షరాలేమైనా ఉంటే రంగు వేయకముందే ఫోటో తీసి, ఫార్సీ చదవగలిగిన వారికి చూపించండి.