వెండితెర కంటే ముందు నడిచిన సాక్షి

తెలుగు సినిమాలో క్రైస్తవ పాత్ర అనగానే గుర్తొచ్చేది తెల్లటి అంగీ వేసుకుని పెళ్ళి జరిపించే ఫాదరో, అనాథ పిల్లల్ని సాకే సిస్టరో. ఇద్దరూ మంచివాళ్ళే. కథకు మాత్రం పక్కన నిలబడతారు. నమ్మినదాన్ని నోటితో చెప్పి, దానికి ఊరు అడ్డం తిరిగితే భరించి, అడ్డం తిరిగినవాడి మీద పగ పెట్టుకోకుండా మళ్ళీ అదే ఊళ్ళో బతికే మనిషి ఫిల్మ్ నగర్ కథల్లో దాదాపు కనిపించడు. అలాంటి మనిషి మన నేల మీద నడిచాడు. అతని అడుగుజాడ పట్టుకోవాలంటే ముందు ఒక సినిమా దగ్గర మొదలుపెట్టాలి.

1978 డిసెంబర్ 21న క్రీస్తు కథతో ‘కరుణామయుడు’ విడుదలైంది. అప్పటికి మన పరిశ్రమ ఒక కాలు మద్రాసులో, ఒక కాలు హైదరాబాద్‌లో పెట్టుకుని ఉంది. అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చి రెండేళ్ళయినా, సినిమాలు ఎక్కువగా తయారయ్యేది మద్రాసు కోడంబాక్కంలోనే. ఆ సినిమాను నెత్తికెత్తుకున్న విజయచందర్ అప్పటికి పెద్ద తార కాదు. క్రీస్తు వేషం వేయాలన్న పట్టుదలతో తానే నిర్మాణానికి దిగాడు. డబ్బు దొరికినప్పుడు షూటింగ్ జరిగేది, అయిపోతే ఆగిపోయేది. అలా కొన్నేళ్ళు గడిచాయి.

దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. అన్నదమ్ములు వేర్వేరు మతాల ఇళ్ళలో పెరిగే కథతో 1961లో తమిళంలో ‘పావ మన్నిప్పు’ తీసిన మనిషి. 1978 జనవరిలో, ఈ సినిమా ఇంకా పూర్తి కాకముందే, ఆయన కన్నుమూశారు. స్క్రిప్టు పనిలో మొదటినుంచీ ఉన్న ఫ్రాన్సిస్కన్ ఫాదర్ క్రిస్టఫర్ కొయిలో మిగిలిన పనిని భుజాన వేసుకున్నారు. మాటలు, కొన్ని పాటలు మోదుకూరి జాన్సన్‌వి. పిలాతుగా జగ్గయ్య నటించారు. సిలువ మోసే ఘట్టానికి బాలసుబ్రహ్మణ్యం పాడిన పాట ఈనాటికీ ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఊరూరా వినిపిస్తుంది. చర్చికి ఎన్నడూ వెళ్ళని ఇళ్ళలో కూడా ఆ పాట వచ్చినవాళ్ళు ఉన్నారు.

ఈ సినిమా వల్ల వచ్చిన కొత్తదనం గురించి నాకు తోచింది ఒకటుంది. దానికి ముందు మన ఇళ్ళ గోడల మీది క్రీస్తు క్యాలెండర్ బొమ్మ. నీలికళ్ళు, బంగారు జుట్టు. ఈ సినిమాలో మొదటిసారిగా మనలాంటి ముఖంతో, నాటకరంగం మీద పుట్టిన తెలుగుతో, మనకు అలవాటైన పాటల నడుమ ఆయన నడిచాడు. పౌరాణికాలు చూసి పెరిగిన కళ్ళకు ఆ నడక కొత్తగా అనిపించలేదు. అదే విజయచందర్ తర్వాత వేమన అయ్యాడు, 1986లో షిర్డీ సాయిబాబా అయ్యాడు. జనం మూడింటినీ స్వీకరించారు.

హాళ్ళలో ఆట ముగిశాక ఈ సినిమాకు రెండో బతుకు మొదలైంది, అసలు బతుకు అదే. హిందీలో ‘దయాసాగర్’ అయింది. ఇంకా చాలా భాషల్లోకి వెళ్ళింది. అమెరికాకు చెందిన డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ సంస్థ, దాన్ని స్థాపించిన జాన్ గిల్మన్, ఈ సినిమాను పల్లెలకు పంపే పని పెట్టుకున్నారు. ఇక్కడి సంఘాలూ అదే బాట పట్టాయి. పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టర్, జనరేటర్, రీళ్ళ డబ్బాలు, ఒక తెల్లగుడ్డ. రెండు వెదురు గడల మధ్య గుడ్డ బిగించి కట్టేవారు. ముందు పిల్లలు నేలమీద, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, ఆ వెనక మగవాళ్ళు. చోటు దొరకనివాళ్ళు గుడ్డకు అవతలివైపు కూర్చుని బొమ్మను తిరగేసి చూసేవాళ్ళు. రీలు మార్చే రెండు మూడు నిమిషాల్లో ప్రొజెక్టర్ పక్కనున్న కుర్రాడే లేచి నాలుగు మాటలు చెప్పాలి. అతనికి తెర మీది వెలుగు లేదు, సంగీతం లేదు. ఉన్నదల్లా గొంతు.

అడ్డంకులు వచ్చింది కూడా అక్కడే. మతం మార్చడానికి వచ్చారని కొన్నిచోట్ల ఆట ఆపించారు. కొట్టిన ఘటనలూ ఉన్నాయి, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో. ఈ వ్యతిరేకతను ఒట్టి కక్ష అని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆశచూపి మార్చుతారు, బియ్యం ఇచ్చి మార్చుతారు అన్న అనుమానం పాతది. కొన్నిచోట్ల అనుమానపడటానికి కారణాలూ ఉన్నాయి. నమ్మకమైన సాక్షి ఆ అనుమానానికి ఏం జవాబు చెప్పాలన్నదే అసలు ప్రశ్న. జవాబు కోసం ‘కరుణామయుడు’ నుంచి సరిగ్గా నూరేళ్ళు వెనక్కి, ఒంగోలు వెళ్ళాలి.

కనిగిరి వైపు తాళ్ళకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి ఉండేవాడు. తోళ్ళ వ్యాపారి. మూటలు కట్టుకుని ఉత్తరాన ఏలూరు దాకా వెళ్ళి తోళ్ళు కొనేవాడు, అమ్మేవాడు. అంతకుముందే గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు. దేవుణ్ణి వెతికే మనిషి, ఎవరో వచ్చి లాగితే పడిపోయే రకం కాదు. ఆ ప్రయాణాల్లోనే మిషనరీ బోధ విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలు వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు.

పేరయ్య చేసిన పని చాలా మామూలుగా కనిపిస్తుంది. ఇంటికి వెళ్ళి తనవాళ్ళకు చెప్పాడు. తోళ్ళు నానబెట్టే లంద దగ్గర, చెప్పులు కుట్టేచోట, కుట్టే ఆరె, కోసే రంపె చేతిలో ఉండగానే వినేవాళ్ళు వినేవారు. పని ఆపించి వినమని అడిగేవాడు కాదు. మరుసటి ఏడాది జనవరిలో క్లౌ ఆ వైపు వెళ్ళేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చినవాళ్ళు చింతతోపులో కాచుకుని ఉన్నారు. ఆ పర్యటనలో 28 మంది బాప్తిస్మం పొందారు.

దాంతో రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. ఒంగోలులో పై కులాల పిల్లలు క్లౌ బడికి వస్తుండేవారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌ ఒక గదిలో బైబిలు తెరిచాడు, భార్య హారియెట్ ఇంకో గదిలో తెరిచింది. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం, దేవుడు లోకం తృణీకరించినవాళ్ళను ఏర్పరచుకున్నాడన్న చోటు, ఎదురైంది. మాదిగలు లోపలికి వచ్చారు, పై కులాల పిల్లలు వెళ్ళిపోయారు.

పల్లెల్లో సంగతి ఇంకా గట్టిది. కొత్తగా నమ్మినవాళ్ళు మూడు పనులు మానుకున్నారు: ఆదివారం చాకిరీ, చచ్చిన గొడ్డు మాంసం తినడం, జాతరల్లో డప్పు కొట్టడం. కరణం, మునసబు కంటికి ఇది మతం కాదు, తిరుగుబాటు. డప్పు లేకపోతే జాతర జరగదు. ఆదివారం మనిషి రాకపోతే పొలం పని ఆగుతుంది. నీళ్ళు కట్టేశారు, అంగట్లో సరుకు ఇవ్వనివ్వలేదు, అబద్ధపు కేసులు పెట్టారు. ఈ మనుషుల్లో నన్ను కట్టిపడేసేది వాళ్ళ ఓర్పు ఒక్కటే కాదు. వాళ్ళు ఊరు వదిలి పోలేదు. చెప్పులు కుట్టడం మానలేదు. తమను బాధపెట్టిన అదే రైతుకు మోటబొక్కెన తోలు బాగుచేసి ఇచ్చారు. డప్పు మాత్రం పట్టుకోలేదు.

తర్వాత 1876–78 కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు ఆయన సర్వేయరు. బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది ఆకలితో వచ్చి మట్టి తవ్వి కూలి తీసుకున్నారు. విరామం వేళ ఆ బోధకులే గట్టున కూర్చుని కథ చెప్పేవారు. బాప్తిస్మం ఇవ్వమని అడిగినవాళ్ళు వందలు, వేలు. క్లౌ ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి కోసం మతంలో కలిసినవాళ్ళని రేపు ఎవరూ అనకూడదు, వాళ్ళకు వాళ్ళే అనుకోకూడదు. పని ముగిసి, ఇచ్చేదేమీ లేదని చెప్పి పంపేశాక కూడా వాళ్ళు మళ్ళీ వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్ళలో దిగింది క్లౌ కాదు, తెలుగు బోధకులు.

ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో ఆ జులైకి ఆరేళ్ళయినా నిండని పిల్లవాడు ఒకడున్నాడు. పెద్దయ్యాక 1928లో మద్రాసు వీధిలో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శన నాడు తుపాకులకు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం ఆయనే. ఆయన మనవడే విజయచందర్. 1983లో ‘ఆంధ్రకేసరి’ తీసి తాత పాత్ర కూడా వేశాడు. పేరయ్య బాప్తిస్మం తీసుకున్న ఒంగోలు ఉన్న జిల్లాకు ఇప్పుడు ప్రకాశం పేరే. ఈ లంకె ఎవరూ రాసిపెట్టినది కాదు, దానంతటదే కుదిరింది. నాకు మాత్రం దీన్ని తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

‘కరుణామయుడు’ తర్వాత బాపు–రమణలు 1980లో ‘రాజాధిరాజు’ తీశారు. అందులో సైతానుగా నూతన్ ప్రసాద్ చెలరేగిపోయాడు. 2004లో ‘శాంతి సందేశం’లో కృష్ణ క్రీస్తు వేషం వేశారు. పవన్ కళ్యాణ్‌తో సింగీతం శ్రీనివాసరావు తలపెట్టిన క్రీస్తు చిత్రం విడుదల కాకుండానే నిలిచిపోయింది. అన్నీ క్రీస్తు చుట్టూ తిరిగినవే. ఆయన గురించి చెప్పి నష్టపోయినవాడి చుట్టూ తిరిగిన కథ ఇంకా రాయవలసే ఉంది.

ఎవరైనా రాస్తే నాదొక మనవి. గుండ్లకమ్మ రోజును క్లైమాక్స్‌గా పెట్టాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. అంత జనం, అంత నీళ్ళు, డ్రోన్ షాట్‌కు అంత చోటు. దయచేసి అక్కడికి పరుగెత్తకండి. కాలువగట్టు మీది ఆ ఏడాది దగ్గర నిలవండి. అడిగినవాణ్ణి కాదనే బోధకుడు, ఆకలితో ఉండి కూడా అడగడం మానని కూలివాడు, ఇద్దరూ ఒకే పల్లెవాళ్ళు, ఒకే మట్టి మోస్తున్నవాళ్ళు. వాళ్ళిద్దరి మాటలు సరిగ్గా రాయగలిగితే పేరయ్య ఎవరో తెరకు తెలిసినట్టే.