సబ్బుపొడీ, సరస్సూ, నడుమ ఒక తెర

కొన్ని ఊళ్ళలో నూతినీళ్ళు చూడడానికి అద్దంలా ఉంటాయి. తీరా ఎసట్లో పోస్తే కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు సరిగదా, బట్టకు తెల్లటి జిడ్డొకటి పట్టుకుంటుంది. "ఈ ఊరి నీళ్ళంతేనమ్మా" అని కొత్తకోడలికి అత్తగారు మొదటిరోజే చెప్పేస్తుంది. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కఠినజలం అని బళ్ళో చదువుకున్నది దీన్నే. మన చాకిరేవుల్లో దీనికి విరుగుడు ఏనాడో కనిపెట్టారు. చౌడుమట్టి కలిపి బట్టలు ఉడకేసేవారు. చౌడులో ఉండేది సోడాయేగదా! పట్టుబట్టలకూ తలంటుకూ కుంకుడుకాయ ఉండనే ఉంది.

ఇదే చిక్కుకు అమెరికాలో 1946లో మరో విరుగుడు బజారుకెక్కింది. టైడ్ అనే పొడి. అందులో అసలు పనివాడు ఫాస్ఫేటు. నీళ్ళలోని కాల్షియాన్ని అది గట్టిగా పట్టి కూచుంటుంది. ఇక మురికి వదిలించే మందుకు అడ్డేముంది? ఇళ్ళల్లోకి అప్పుడప్పుడే బట్టలుతికే యంత్రాలు వస్తున్న రోజులవి. ఆ పొడి వేసి మర తిప్పితే చాలు, మల్లెపూవుల్లాంటి బట్టలు. మన దేశానికి ఆ తరహా పొడి సర్ఫ్ పేరుతో 1959లో వచ్చింది. అమెరికాలోని కొన్ని పొడుల్లోనైతే బరువులో సగం దాకా ఫాస్ఫేటే ఉండేది.

ఉతికిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? తూములోకి. తూములోంచి? ఆ ప్రశ్న చాలాకాలం ఎవరికీ రాలేదు. మనకు మాత్రం రోజూ వస్తోందా ఏమిటి?

అమెరికాకూ కెనడాకూ మధ్య ఐదు మహాసరస్సులున్నాయి. వాటిలో ఈరీ అన్నిటికంటే లోతు తక్కువది. లోతు తక్కువంటే చెరువనుకునేరు! మన ఉమ్మడి కృష్ణా, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు మూడూ కలిపితే ఎంతో, సుమారుగా అంత నీరు పరుచుకుని ఉంటుంది. డిట్రాయిట్, టొలీడో, క్లీవ్‌లాండ్ వంటి పెద్ద నగరాల మురుగంతా చివరకు చేరేది అక్కడికే.

ఆ ఒడ్డునుండే ఊళ్ళకు ఏటా జూన్ నెలలో ఒక బెడద ఉండేది. మేఫ్లైలనే రెక్కల పురుగులు, మనకు తొలకరి వానకు దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళలాగా, లక్షలకు లక్షలు లేచి వచ్చేవి. వీధిదీపాల కింద కుప్పలు పడితే పారలతో ఎత్తిపోసేవారు. గుమ్మాలు ఊడ్చుకోలేక ఇల్లాళ్ళు విసుక్కునేవారు. ఆ పురుగు పిల్లదశలో సరస్సు అడుగు బురదలో బతుకుతుంది. పెద్దదై రెక్కలొచ్చాక ఆయుష్షు ఒకటి రెండు రోజులే. 1953 వేసవిలో గాలి ఆడక, నీళ్ళు కదలక, సరస్సు పడమటి భాగంలో అడుగునున్న నీటిలో ప్రాణవాయువు అయిపోయింది. బురదలోని పిల్లలు చచ్చిపోయాయి. తరవాత కొన్నేళ్ళలో ఊళ్ళల్లో పురుగులే కరువయ్యాయి. పీడ విరగడైందని సంతోషించినవాళ్ళే ఎక్కువ. నీటి సంగతి చదువుకున్నవాళ్ళు మాత్రం ఉలిక్కిపడ్డారు.

ప్రాణవాయువు ఎందుకు అయిపోయినట్టు? నాచు వల్ల. ఎరువు దొరికితే నాచు విపరీతంగా పెరుగుతుంది. పెరిగింది చచ్చి అడుక్కి దిగుతుంది. అది కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న ప్రాణవాయువును కాస్తా వాడేసుకుంటుంది. 1960ల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు కుళ్ళి, ఆ కంపుకు జనం సరస్సు దగ్గరకు పోవడమే మానేశారు. ఈరీ చచ్చిపోయిందని పత్రికలు రాశాయి. చావడమేమిటి, దానికి తిండి ఎక్కువైంది! పెళ్ళి భోజనం రోజుకు నాలుగుసార్లు పెడితే ఎవరికైనా అంతే.

మరి ఆ తిండిలో ఏ వస్తువు కొంప ముంచుతోంది? ఇక్కడే పెద్ద తగవు. ఫాస్ఫేటులోని భాస్వరమేనని కొందరు శాస్త్రజ్ఞులన్నారు. కాదు, కర్బనమని మరికొందరన్నారు. సబ్బు కంపెనీలు రెండో మాటను కళ్ళకద్దుకుని అందుకున్నాయి. మురుగులో ఉండే కర్బనానికి సబ్బుపొడి ఏం చేస్తుంది, పాపం!

సీసాల్లో నీళ్ళు పోసి చేసే పరీక్షలతో ఈ తగవు తీరేది కాదు. కెనడా ప్రభుత్వం 1968లో ఒంటారియో రాష్ట్రపు అడవుల్లో, జనం లేనిచోట, చిన్న చిన్న సరస్సులు కొన్ని పదులు ఎంచి శాస్త్రజ్ఞులకు అప్పగించింది. సరస్సునే పరీక్షసీసాగా వాడుకోమంది. డేవిడ్ షిండ్లర్ అనే యువకుడు అక్కడ పనికి పూనుకున్నాడు. సరస్సులకు పేర్లు కూడా లేవు, అంకెలే. 227వ నంబరు సరస్సు నీళ్ళలో కర్బనం బొత్తిగా తక్కువ. 1969 నుంచి అందులో భాస్వరం, నత్రజని వేశారు, కర్బనం వెయ్యలేదు. అయినా సరస్సు పచ్చటి పులుసైపోయింది. కావలసిన కర్బనాన్ని నాచు గాలిలోంచి సంపాదించుకుంది.

ఈలోగా ఇళ్ళల్లోకి గొడవ వచ్చేసింది. టొరంటో విశ్వవిద్యాలయంలో 1969లో మొదలైన పొల్యూషన్ ప్రోబ్ అనే సంఘం, ఏ పొడిలో ఫాస్ఫేటు ఎంతుందో లెక్కగట్టి 1970లో జాబితా ప్రకటించింది. అంగడికి పోయిన ఆడవాళ్ళకు మొదటిసారిగా డబ్బాలో ఏముందో తెలిసింది. కెనడా ఆ ఏడాదే పొడుల్లో ఫాస్ఫేటుకు హద్దు పెట్టింది. 1973లో ఆ హద్దును ఇంకా తగ్గించింది. అమెరికాలో వ్యవహారం వంకరలు పోయింది. ఫాస్ఫేటు లేని పొడులు కొన్ని ఘాటైన సోడాతో తయారయ్యాయి. అవి పిల్లల నోట్లోనో కంట్లోనో పడితే ప్రమాదమని 1971 సెప్టెంబరులో ఆ దేశపు సర్జన్ జనరల్ చెప్పి, ఫాస్ఫేటు పొడులే వాడుకోమని గృహిణులకు సలహా ఇచ్చాడు. నిన్నటిదాకా ఫాస్ఫేటు మానమన్నారు, ఇవాళ వాడమంటున్నారు. ఇల్లాలు ఏం చెయ్యాలి? పిల్లలా, సరస్సా?

అలాంటి సమయంలో షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సును ఎన్నుకుంది. అది నడుము సన్నగా ఉండి రెండు భాగాలుగా ఉండే సరస్సు. ఆ నడుము దగ్గర నైలాన్ పోగులు వేసిన వినైల్ తెరను అడుగు బురద దాకా దించి, నీళ్ళు అటూ ఇటూ కలవకుండా కట్టేశారు. 1973లో రెండు వైపులా నత్రజని వేశారు. కర్బనం కోసం రెండు వైపులా పంచదార పోశారు. అవును, మన కాఫీలో వేసుకునే పంచదారే! ఒక్క వైపున మాత్రం వీటితోపాటు భాస్వరం కలిపారు. కొద్ది వారాల్లో ఆ వైపు నాచు పేరుకుంది. సెప్టెంబరులో పైనుంచి తీసిన ఫోటోలో తెరకు ఒక పక్క నల్లటి తేటనీరు, మరో పక్క చిక్కటి పచ్చరంగు. పంచదార తిన్న రెండో వైపుకు ఏమీ కాలేదు.

1974లో ఆ ఫలితాలు సైన్స్ పత్రికలో అచ్చయ్యాయి. ఫోటోను విచారణ సంఘాల ముందు పెట్టారు. అంకెలతో పదేళ్ళు వాదించినా లొంగనివాళ్ళు ఒక్క బొమ్మతో తగ్గారు. చదువురానివాడికైనా చూడగానే తెలిసేదాన్ని కాదనడం ఎలా? ఇండియానా, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు 1970ల్లోనే ఫాస్ఫేటు పొడులను నిషేధించాయి. ఈరీకి పొడవైన ఒడ్డున్న ఒహాయో మాత్రం 1980ల చివరిదాకా కదలలేదు. టైడ్ తయారుచేసే కంపెనీ ముఖ్యకార్యాలయం ఉన్నది ఆ రాష్ట్రంలోనే అన్నది కాకతాళీయం అనుకోవడానికి నాకు మనసొప్పదు.

సబ్బుపొడి ఒక్కటే మారితే సరిపోయేది కాదు. 1972లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని మురుగునీటిలోంచి భాస్వరం తీసేసే ఏర్పాట్లకు బోలెడు డబ్బు పోశాయి. 1980ల్లో ఈరీ నీరు తేటపడింది. 1990ల్లో మేఫ్లైలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు కొన్ని రాత్రులు అవి లేచే గుంపు వాతావరణశాఖ రాడార్ల మీద మబ్బులాగా కనిపిస్తుంది. పారలు మళ్ళీ బయటికి తీశారు. ఈసారి విసుక్కోవడంలో కొంత మురిపెం కూడా ఉందంటారు.

అటు 227వ నంబరు సరస్సులో ప్రయోగం యాభై ఏళ్ళకు పైగా సాగింది. 1990 నుంచి అందులో నత్రజని వెయ్యడం పూర్తిగా మానేశారు. అయినా నాచు తగ్గలేదు. నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని గాలిలోని నత్రజనిని పట్టుకోగలవు. వరిమళ్ళలో ఈ నాచులు చేసే ఆ మేలు గురించి పి. కె. డే అనే భారతీయ శాస్త్రవేత్త 1939లోనే రాశాడు. మడిలో వరం, సరస్సులో శాపం. అయితే భాస్వరం ఒక్కటి తగ్గిస్తే చాలా, నత్రజని కూడా తగ్గించాలా అన్న వాదం శాస్త్రజ్ఞుల మధ్య నడుస్తూనే ఉంది.

ఈరీ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. సబ్బుపొడి దారి మూసుకున్నాక భాస్వరం మరో దారి వెతుక్కుంది. మొక్కజొన్న, సోయా చేలల్లో చల్లిన ఎరువు వానలకు మామీ నదిలో కొట్టుకొచ్చి సరస్సు పడమటి భాగంలో పడుతోంది. 2000 తరవాత పచ్చటి పొర మళ్ళీ కమ్మడం మొదలైంది. ఇళ్ళల్లో పొడి మార్పించడం ఒక ఎత్తు, వేల ఎకరాల రైతుల చేత ఎరువు తగ్గించడం ఇంకో ఎత్తు. అక్కడ ఫోటో చూపించి ఒప్పించే పని కాదు. పంట పోతుందని భయం ఉంటుంది.

ఒంటారియో అడవుల్లోని ఆ పరిశోధన కేంద్రానికి డబ్బు ఇవ్వలేమని కెనడా ప్రభుత్వం 2012లో చేతులెత్తేసింది. శాస్త్రజ్ఞులూ జనమూ గోలపెట్టాక, 2014 ఏప్రిల్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ చేతుల్లోకి వెళ్ళి అది బతికింది. అదే ఏడాది ఆగస్టు 2న, శనివారం తెల్లవారుజామున, టొలీడో నగరంలో కుళాయి నీళ్ళు తాగవద్దని హెచ్చరిక వచ్చింది. నాచు వదిలిన విషం నీటిశుద్ధి కేంద్రం దాటి వచ్చేసింది. నాలుగు లక్షల మందికి పైగా జనం. పొద్దెక్కేసరికి దుకాణాల్లో సీసానీళ్ళు అయిపోయాయి. మరగకాచి తాగుదామంటే అదీ కుదరదు. కాచినకొద్దీ నీరు ఆవిరవుతుందేగాని ఆ విషం పోదు, ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లలకు పాలు కలపడానికి నీళ్ళ కోసం తల్లులు పక్క ఊళ్ళకు కార్లలో పరుగెత్తారు. మూడోరోజు సోమవారం నాడుగాని కుళాయిలు తిప్పుకోవచ్చని చెప్పలేదు.