పాత పేపర్లో మా ముత్తాత

"మీ ముత్తాత పుల్లరి గొడవలో జైలుకెళ్ళాడురా" అనేది అమరావతిలో మా నాయనమ్మ. నేను నవ్వేసేవాణ్ణి. ఆవిడ పోయాక, ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేయించిన ఆంధ్రపత్రికలో 1922 సంచికలు తిరగేశాను. అన్నీ ఇమేజీలే, సెర్చ్ కుదరదు. పేజీ పేజీ చదవాల్సిందే.

పుల్లరి అంటే అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు కట్టే పన్ను. చౌరీచౌరా తర్వాత, ఫిబ్రవరి 12న, గాంధీగారు సహాయ నిరాకరణ ఆపేశారు. అదే నెలలో, ఆ తర్వాతే, పల్నాడులోని మించాలపాడులో పోలీసు కాల్పులకి కన్నెగంటి హనుమంతు బలయ్యారు.

ముత్తాత పేరు దొరకలేదు. పేపర్లో నాయకులకే పేర్లుంటాయి, మామూలు రైతులంతా "ఇతరులు". ఆ ఇతరుల్లో మావాడు ఎవరో చెప్పగలిగిన ఒక్క మనిషినీ నేను సరిగ్గా అడగనేలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే అడగండి.