ఒక నర్సుకు ఎందరు రోగులు?

ఒక నర్సు ఎందరు రోగులను చూసుకోవాలన్న ప్రశ్నను ఆసుపత్రులు చాలాకాలం జీతాల ఖర్చు లెక్కగానే చూశాయి. అది ప్రాణాల లెక్క కూడా అని గట్టిగా చూపిన పరిశోధనల్లో ముఖ్యమైనది 2002లో లిండా ఐకెన్ బృందం ప్రచురించిన అధ్యయనం. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స పొందిన 2,32,342 మంది రోగుల వివరాలను, పదివేల మందికి పైగా నర్సులు చెప్పిన సమాధానాలను ఆ బృందం జతపరచి పరిశీలించింది. నర్సుకు ఒక్కొక్క రోగి అదనమయ్యే కొద్దీ, చేరిన ముప్పై రోజుల్లోపు రోగి మరణించే ఆడ్స్ 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది.

ఇది సహసంబంధ పరిశోధన. పరిశోధకులు దేనినీ మార్చలేదు. ఉన్న తేడాలను కొలిచారు. ఆసుపత్రి పరిమాణం, బోధనాసుపత్రి హోదా, సాంకేతిక సదుపాయాల వంటివాటిని లెక్కలోకి తీసుకున్నారు. అయినా ఒక సందేహం మిగిలింది. నర్సులను ఎక్కువగా నియమించే ఆసుపత్రి ఇతర విషయాల్లోనూ మెరుగైనది కావచ్చు. అప్పుడు ప్రాణాలు నిలిపినది నర్సుల సంఖ్యా, ఆ మెరుగుదలా?

దీన్ని తేల్చడానికి లాటరీ వేసి కొన్ని వార్డులకు తక్కువ మంది నర్సులను కేటాయించడం నైతికంగా తగదు. అటువంటప్పుడు ప్రభుత్వ నిర్ణయమే ప్రయోగానికి దగ్గరి రూపం దాలుస్తుంది. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుండి నిష్పత్తులను అమలు చేసింది. అయితే అది రాష్ట్రమంతటికీ వర్తించింది కాబట్టి, పోల్చి చూడడానికి ఇతర రాష్ట్రాల వైపు చూడవలసి వచ్చింది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పరిస్థితి వేరు. అక్కడ 2016లో 27 ప్రభుత్వాసుపత్రుల వార్డుల్లో పగలు ప్రతి నలుగురు రోగులకు, రాత్రి ప్రతి ఏడుగురికి ఒక నర్సు ఉండాలని నిర్దేశించారు. నియమం వర్తించని 28 ఆసుపత్రులు పోలికకు దొరికాయి. 2021లో లాన్సెట్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం, నియమం అమలైన చోట మరణాల ఆడ్స్ మునుపటి కంటే సుమారు 11 శాతం తగ్గాయి. మిగిలిన చోట చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు.

పాక్షిక ప్రయోగమనే ఈ పద్ధతికి బలం ఆ 28 ఆసుపత్రులే. తగ్గుదలకు కొత్త మందులో, కొత్త శస్త్రచికిత్సా పద్ధతులో కారణమైతే, ఆ మేలు అక్కడా కనిపించి ఉండేది. అయితే ఆ 27 ఆసుపత్రులను లాటరీ వేసి ఎంపిక చేయలేదు. అదే సమయంలో వాటిలో మాత్రమే జరిగిన మరో మార్పు ఫలితాన్ని ప్రభావితం చేసే అవకాశం పూర్తిగా తొలగిపోదు.

అందువల్ల ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అనలేం. పెన్సిల్వేనియా అధ్యయనం ప్రమాదం ఎక్కడుందో చూపింది. నర్సులను పెంచితే ఆ ప్రమాదం తగ్గుతుందా అన్నదానికి క్వీన్స్‌లాండ్ అధ్యయనం మరింత నమ్మదగిన జవాబునిచ్చింది. ఆసుపత్రి బడ్జెట్‌లో ముందుగా నర్సుల పోస్టులకే కత్తెర వేసేవారు ఈ రెండింటినీ కలిపి చదవాలి.